హిల్ ఆఫ్ గ్రేస్ ధర: తోటకా, పేరుకా?

యారాతీరం:
అడిలైడ్ మిత్రుడొకడు ఆస్ట్రేలియా హెన్ష్కే కుటుంబం వారి హిల్ ఆఫ్ గ్రేస్‌ని తెగ పొగిడాడు. ఒకే తోటలో పండిన షిరాజ్ అనే నల్ల ద్రాక్షతో చేసే రెడ్ వైన్. సీసా ఎనిమిది వందల డాలర్ల పైమాటే. ఒకే తోట పండైతే అంత గొప్పా? పెన్‌ఫోల్డ్స్ కంపెనీ వాళ్ల గ్రాంజ్ అనే ఆస్ట్రేలియా రెడ్ వైన్‌ని వేర్వేరు ప్రాంతాల పండు కలిపి చేస్తారు. దాని ధరా తక్కువేం కాదు కదా!

పందిరికింద:
గొప్పే మరి. సౌత్ ఆస్ట్రేలియాలోని ఈడెన్ వ్యాలీలో గ్నాడెన్‌బర్గ్ చర్చి ఎదురుగా ఉంటుందా తోట. మొత్తం ఇరవై ఎకరాలు, షిరాజ్ అందులో సగమే. పాత తీగలు 1860 ప్రాంతంలో నాటినవి, ఇంకా సొంత వేళ్ల మీదే ఉన్నాయి. వేళ్లని పాడుచేసి యూరప్ తోటల్ని తుడిచిపెట్టిన ఫిలాక్సెరా పురుగు సౌత్ ఆస్ట్రేలియాకి రాలేదు, అందుకే దాన్ని తట్టుకునే వేళ్లకి అంటు కట్టే అవసరం పడలేదు. 1868 నుంచి వైన్ అమ్ముతున్న కుటుంబం హెన్ష్కే వాళ్లది. ఐదో తరం స్టీఫెన్ గారి భార్య ప్రూ గారు పాత తీగల్లో మేలైనవి ఏరి, వాటి కొమ్మలతో నర్సరీ పెంచారు. మా నాన్న శామీర్‌పేట వైపు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు వేసిన మనిషి. నూట అరవై ఏళ్ల తీగ ఇంకా కాస్తోందంటే నమ్మనే నమ్మడు.

కలిపితేతప్పా:
తీగల వయసు సరే అన్నా, ఒప్పుకుంటా. కానీ ఆ తోటలో గ్రాండ్‌ఫాదర్స్, చర్చ్, పోస్టాఫీస్, విండ్‌మిల్ అని వేర్వేరు బ్లాకులున్నాయి. కొన్ని 1950లలో నాటినవే. ఒక్కో బ్లాకు పండుని విడిగా కోసి, విడిగా పులియబెట్టి, చివర్లో కలుపుతారు. అది బ్లెండ్ కాదా? గ్రాంజ్‌ని మొదలుపెట్టిన మ్యాక్స్ షూబర్ట్ చేసిందీ అదే, కాకపోతే ఆయన కంచె పెద్దది. 1957లో గ్రాంజ్ ఆపేయమని కంపెనీ చెప్పినా దొంగచాటుగా చేస్తూనే ఉన్నాడు మహానుభావుడు!

పందిరికింద:
కంచె పెద్దదైతే తప్పించుకోవడం సులువు తమ్ముడూ. ఒకచోట పంట దెబ్బతింటే ఇంకోచోటి పండు తెచ్చుకోవచ్చు. అందుకే గ్రాంజ్ 1951 నుంచి ఏ ఏడూ ఆగలేదు. హెన్ష్కే వాళ్లకి ఆ వెసులుబాటు లేదు. 2000 పంట నచ్చక హిల్ ఆఫ్ గ్రేస్‌ని అసలు విడుదలే చేయలేదు.

లెక్కలమాస్టారు:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. అదే కుటుంబానిది మౌంట్ ఎడెల్‌స్టోన్ అనే వైన్ ఉంది. అదీ షిరాజే, ఈడెన్ వ్యాలీయే, ఒకే తోటదే. తోట నాటింది 1912లో, విడి వైన్‌గా వస్తోంది 1952 నుంచి. హిల్ ఆఫ్ గ్రేస్ కంటే ఆరేళ్లు ముందే! ధర మాత్రం దాంట్లో సగం కూడా ఉండదు. కాబట్టి మనం డబ్బు పెట్టేది ‘ఒకే తోట’కి కాదు. పాత తీగలకి, పదెకరాల కొరతకి, మిగతాది పేరుకి.

యారాతీరం:
అయితే ముందు ఎడెల్‌స్టోన్ కొంటా.

కలిపితేతప్పా:
కొంటే పదేళ్లు దాటిన సీసా వెతకండి. కొత్తదాని రుచి ఇంకా విచ్చుకోక మరీ బిగుసుకుని ఉంటుంది. ఇంత చెప్పినా గ్రాంజ్‌ని తక్కువ చేస్తే మాత్రం ఊరుకోను.