సూడాన్ నుంచి చాద్‌కి పారిపోయి వచ్చిన కుటుంబానికి బట్టలు, మందులు పంపవచ్చా? తప్పిపోయినవాళ్లని వెతికేదెలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే సూడాన్ స్నేహితుడి కోసం అడుగుతున్నాను. వాళ్లది పశ్చిమ దార్ఫుర్‌లోని ఎల్ జెనీనా. 2023 ఏప్రిల్ 15న అక్కడి సైన్యానికీ, ఆర్ఎస్ఎఫ్ అనే సాయుధ దళానికీ యుద్ధం మొదలైంది. ఆ జూన్‌లో ఎల్ జెనీనాలో మసాలిత్ తెగవాళ్లని ఊచకోత కోశారు. అందులో ఆయన బావగారు పోయారు. అక్క ముగ్గురు పిల్లల్ని తీసుకుని 30 కిలోమీటర్లు నడిచి, సరిహద్దు దాటి చాద్‌లోని అద్రే చేరింది. వాళ్లతో బయల్దేరిన అమ్మ దారిలో విడిపోయింది. ఈరోజుకీ ఆమె ఆచూకీ లేదు. అక్క మాత్రం ఎవరిదో ఒకరి ఫోన్ అడిగి నెలకోసారైనా మాట్లాడేది. రెండు నెలలుగా అదీ లేదు.

ఆఫీసులో అందరం తలా కాస్త తెచ్చాం. ఆరు అట్టపెట్టెల నిండా బట్టలు, దుప్పట్లు, వాడగా మిగిలిన మందులు, పిల్లలకని పాలపొడి డబ్బాలు పోగయ్యాయి. కొంత డబ్బు కూడా వచ్చింది. ఈ పెట్టెలు అద్రేకి ఎలా పంపాలి? డబ్బు ఎవరి చేతికిస్తే నేరుగా వాళ్లకి చేరుతుంది? అమ్మనీ అక్కనీ వెతకడానికి దారేమైనా ఉందా? ఆయనకి తెలిసీ తెలియని సలహా ఇచ్చి లేని ఆశ పెట్టడం ఇష్టం లేక, ముందు మిమ్మల్ని అడుగుతున్నాను.

జవాబు (తూర్పు చాద్ శిబిరాల్లో నీళ్ల సరఫరా పని చేసిన సభ్యురాలు)

ముందు పెట్టెల సంగతి చెప్పేస్తాను. బాధపడకండి తమ్ముడూ, వాటిని పంపకండి.

చాద్‌కి సముద్రం లేదు. ఓడలో వచ్చే సరుకు కామెరూన్‌లోని దువాలా రేవులో దిగి, అక్కణ్ణుంచి లారీల మీద దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి రావాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. ఎండాకాలంలో ఇసుక తప్ప ఏమీ కనపడని వాగులు ఒక్క రాత్రిలో పొంగి దారులు తెగిపోతాయి. లారీలు రోజుల తరబడి గట్టు మీదే నిలబడతాయి. ఆ లారీలో మీ పెట్టె ఆక్రమించే చోటు, అక్కడ నిజంగా కావాల్సిన సరుకుది. మేం పనిచేసిన చోటికి ఒకసారి ఇలాగే ఎవరో మంచి మనసుతో పంపిన మూటలు వచ్చాయి. విప్పితే ఉన్ని కోట్లు, ఎత్తు మడమల చెప్పులు, ఒక కాలు జోడు లేని బూట్లు. వాటిని ఏరి, వేరు చేసి, పనికిరానివి పాతిపెట్టేసరికి నలుగురు మనుషులకి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ వాళ్లు చేయాల్సిన పని కుళాయిలు బిగించడం. ఇప్పటికీ ఆ మూటలు గుర్తొస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఇచ్చినవాళ్ల తప్పు కాదు, వాళ్లకి చెప్పినవాళ్లు లేరు.

మందులు అసలే వద్దు. బోస్నియా యుద్ధంలో 1992 నుంచి 1996 వరకు సాయంగా వచ్చిన మందుల్లో సగానికి పైగా పనికిరానివే, దాదాపు 17,000 టన్నులు. గడువు తీరినవి, సగం వాడినవి, అక్కడి డాక్టర్లు చదవలేని భాషలో పేర్లున్నవి. వాటిని నాశనం చేయడం మళ్లీ ఒక ఖర్చు. శిబిరాల్లో వైద్యానికి సీలు వేసిన కిట్లు ఉంటాయి. 10,000 మందికి మూడు నెలలు సరిపడేలా ఏ మందు ఎంత ఉండాలో లెక్క కట్టి పెట్టినవి. ఇంట్లో మిగిలిన యాంటిబయాటిక్స్‌కి అందులో చోటు లేదు.

ఇక పాలపొడి. ఇది ప్రమాదం, గట్టిగా చెప్తున్నాను. శుభ్రమైన నీళ్లు లేని చోట పాలసీసా అంటే విరేచనాలే. తల్లిపాలు తాగే బిడ్డకి డబ్బా పాలు అలవాటైతే తల్లికి పాలు తగ్గిపోతాయి, డబ్బా అయిపోయాక బిడ్డకి ఏమీ ఉండదు. అందుకే శరణార్థుల శిబిరాల్లో పాలపొడి, పాలసీసాలు విరాళంగా తీసుకోరు. తల్లి లేని పసిబిడ్డలుంటే నర్సుల పర్యవేక్షణలో విడిగా చూస్తారు.

మరి వాళ్లకేం కావాలి అంటారా, ఒక్కటి చెప్తాను. రేషన్‌లో జొన్నలు గింజల రూపంలో ఇచ్చే రోజుల్లో నేనక్కడున్నాను. వాళ్ల తిండి అసీదా, అంటే జొన్నపిండితో చేసే గట్టి ముద్ద. గింజ పిండి కావాలంటే మరపట్టించాలి. మర వాడికి ఇవ్వడానికి డబ్బుల్లేవు. ఒకామె నా కళ్ల ముందే మూడు గిన్నెల జొన్నలు కొలిచి అమ్మి, ఆ డబ్బుతో మిగతావి ఆడించుకుంది. రేషన్ తెచ్చుకున్న గంటలోనే అందులో ఒక వంతు పోయింది! చేతిలో కొన్ని సీఎఫ్ఏ ఫ్రాంకులు (చాద్ డబ్బు) ఉంటే ఆ మూడు గిన్నెలూ పిల్లల కడుపులోకి వెళ్లేవి. పక్కనే సంత ఉంటుంది. ఉప్పు, సబ్బు, కట్టెలు, నూలు బట్ట అన్నీ దొరుకుతాయి. లేనిది డబ్బే. సూడాన్ ఆడవాళ్లు కట్టే తోబ్ మన చీరలాంటిదే, నాలుగున్నర మీటర్ల గుడ్డ. మనం పంపే చొక్కాలు, ప్యాంట్లు వాళ్లేం చేసుకుంటారు చెప్పండి?

ప్రశ్న అడిగినవారు

అర్థమైందక్కా. నిజంగా ఇవేవీ తెలియదు, పాలపొడి అయితే నేనే కొన్నాను. పెట్టెలు ఇక్కడే అవసరమున్నవాళ్లకి ఇచ్చేస్తాం, మందులు పారేస్తాం. డబ్బు సంగతి ఎవరైనా చెప్పండి.

జవాబు (పోషకాహార కేంద్రంలో పనిచేసిన నర్సు)

రెండు భాగాలు చేయండి. ఒక భాగం ఆ స్నేహితుడికే ఇవ్వండి. అక్కకి ఎలా పంపాలో మనందరికంటే ఆయనకే బాగా తెలుసు. చాద్‌లో ఫోన్ ద్వారా డబ్బు పంపే ఎయిర్‌టెల్ మనీ, మూవ్ మనీ ఉన్నాయి. సూడాన్ వాళ్లు బంకక్ అనే బ్యాంక్ యాప్ ఎక్కువగా వాడతారు. అందులో డబ్బు పడితే సరిహద్దు ఊళ్లలోని వ్యాపారులు కమీషన్ తీసుకుని చేతికి నగదు ఇస్తుంటారు. సూడాన్ పేరు కనపడితే చాలా బ్యాంకులు బదిలీ ఆపి ప్రశ్నలు వేస్తాయి. ఎవరికి, ఎందుకు పంపుతున్నారో కాగితం మీద దగ్గర పెట్టుకోమనండి. అక్క దొరికేదాకా ఆ డబ్బు ఆయన దగ్గరే ఉండనివ్వండి, తొందరేం లేదు.

రెండో భాగం ఇప్పటికే అక్కడ పనిచేస్తున్న సంస్థకి. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ (యూఎన్‌హెచ్‌సీఆర్), ప్రపంచ ఆహార కార్యక్రమం, యూనిసెఫ్, సరిహద్దులు లేని డాక్టర్ల సంస్థ (ఎంఎస్ఎఫ్), రెడ్ క్రాస్... వీళ్లలో ఎవరికిచ్చినా సరే. ఇచ్చేటప్పుడు సూడాన్ అత్యవసర నిధి అని ఎంచుకునే వీలుందేమో చూడండి. ఒకేసారి ఇచ్చి వదిలేయడం కంటే, నెలనెలా తక్కువైనా ఇస్తే మేలని నా అభిప్రాయం. అక్కడ ఆకలి ఒక్క నెలది కాదు. సూడాన్ దాటి వెళ్లినవాళ్లు 2025 మధ్యకే 40 లక్షలయ్యారు. చాద్‌లోకే కొత్తగా 8 లక్షల పైచిలుకు వచ్చారు, 2003 నాటి దార్ఫుర్ యుద్ధం నుంచి అక్కడే ఉండిపోయిన 4 లక్షల మంది కాక. అద్రే ఊరి జనాభా యుద్ధానికి ముందు 40,000. వచ్చి చేరినవాళ్లు 2 లక్షలకు పైమాట. పైగా 2025లో అమెరికా సాయం కోసేశాక చాలా చోట్ల రేషన్ తగ్గింది.

మీ డబ్బు ఏమవుతుందో కంటికి కనపడేలా చెప్తాను. మా దగ్గరికి వచ్చిన ప్రతి బిడ్డ ఎడమచేతి జబ్బకి ఒక రంగుల పట్టీ చుడతాం. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల లోపుంటే ఎరుపు, అంటే ప్రాణం మీదికొచ్చినట్టు. తర్వాత రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటాం. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోతే వాపు, అదీ ప్రమాదమే. అప్పుడు వేరుశనగ ముద్ద పొట్లం ఒకటి తల్లి చేతికిస్తాం. 92 గ్రాములు, 500 కేలరీలు. వండక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు. తల్లి సబ్బుతో చేతులు కడుక్కుని, పొట్లాన్ని బాగా పిసికి, మూల చించి వేలికొసన కాస్త పెడుతుంది. బిడ్డ నోరు తెరుస్తాడా లేదా అని మేమందరం ఊపిరి బిగబట్టి చూస్తాం. తిన్నాడా, ఇంటి దగ్గరే వైద్యం. మొహం తిప్పేశాడా, ఆస్పత్రిలో చేర్చాలి. అలా ఒక బిడ్డ కోలుకోవడానికి దాదాపు 150 పొట్లాలు, అంటే ఒక అట్టపెట్టె పడుతుంది. మీరు ఆరు పెట్టెలు సర్దారన్నారు కదా, అది చదవగానే నాకు గుర్తొచ్చింది ఆ పెట్టే.

సరిహద్దుకి అవతల, సూడాన్ లోపల, అక్కడి యువకులే నడుపుతున్న ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్ అనే సాయం బృందాలు ఉన్నాయి. వాడవాడలా తకాయా అనే ఉచిత వంటశాలలు పెట్టి అన్నం పెడుతున్నారు. 2025లో వాళ్లకి నార్వేలో ఇచ్చే రాఫ్తో మానవ హక్కుల బహుమతి వచ్చింది. వాళ్లకి సాయం చేయాలనుకుంటే మాత్రం మీ స్నేహితుణ్ణి అడిగి, నమ్మకమైన దారిలోనే పంపండి.

జవాబు (రెడ్ క్రాస్‌లో తప్పిపోయినవాళ్ల ఆచూకీ విభాగంలో వాలంటీరు)

అమ్మగారి విషయం. రెడ్ క్రాస్, రెడ్ క్రెసెంట్ సంస్థలన్నీ కలిసి యుద్ధంలో విడిపోయిన కుటుంబాలని కలిపే పని చేస్తాయి. పైసా తీసుకోరు. మీరున్న దేశంలోని రెడ్ క్రాస్ ఆఫీసుకే వెళ్లి, కుటుంబాల ఆచూకీ విభాగం కావాలని అడగండి. దరఖాస్తు ఆయనే ఇవ్వాలి, మామూలుగా కుటుంబ సభ్యుల దగ్గరే తీసుకుంటారు. మీరు తోడు వెళ్లండి. ఆ ఫారం నింపేటప్పుడు పక్కన మనిషి ఉండాలి. నేను ఎన్నోసార్లు చూశాను, చివరిసారి ఎప్పుడు చూశారు అనే గడి దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది.

ఏం రాయాలంటే, సూడాన్‌లో మనిషి పేరు వెనక తండ్రి పేరు, తాత పేరు వరసగా వస్తాయి. మూడూ రాయండి. ఇంట్లో, వీధిలో పిలిచే పేరు కూడా రాయండి. ఫాతిమా అంటే వేలమంది ఉంటారు, ముద్దుపేరుతో పిలిచే ఫాతిమా ఒక్కరే ఉండొచ్చు. అరబిక్‌లో ఎలా రాస్తారో పక్కనే రాయించండి, ఇంగ్లీషులో ఒకే పేరుని నాలుగు రకాలుగా రాస్తారు. ఎల్ జెనీనాలో ఏ పేట, ఏ రోజు బయల్దేరారు, ఏ దారిన, విడిపోయినప్పుడు పక్కన ఎవరున్నారు, ఒంటి మీద గుర్తులు, మధుమేహం లాంటి జబ్బులు. చిన్న వివరమని వదిలేయకండి.

జవాబు నెలల్లో రావచ్చు, ఏళ్లు పట్టవచ్చు, రాకపోవచ్చు కూడా. ఈ మాట ముందే ఆయనకి చెప్పాలి. ఇంకోటి, మనిషి దొరికినా, ఆ మనిషి సరే అన్నాకే చిరునామా చెప్తారు.

అక్క విషయంలో అంత టెన్షన్ పడకండి అనే చెప్తాను. అద్రేలో ఉన్నవాళ్లని విడతలవారీగా సరిహద్దుకి దూరంగా ఫర్షానా, అర్కూమ్, మెచే లాంటి శిబిరాలకి తరలిస్తున్నారు. కొన్ని చోట్ల సిగ్నల్ సరిగా ఉండదు. ఇన్నాళ్లూ ఫోన్ ఇచ్చిన మనిషి ఒక చోట, ఆమె ఇంకో చోట అయిపోయి ఉండొచ్చు. యూఎన్‌హెచ్‌సీఆర్‌ని ఆమె ఫలానా జాబితాలో ఉందా అని అడిగితే చెప్పరు. ఆమె క్షేమం కోసమే ఆ నియమం. అందుకని అక్క పేరుతో కూడా ఇంకో ఫారం నింపండి. చాద్ రెడ్ క్రాస్ వాలంటీర్లు శిబిరాల్లో తిరిగి ఉచితంగా ఫోన్ చేయించే ఏర్పాటు కూడా చేస్తుంటారు. మీ స్నేహితుడి నంబరు మాత్రం మారకూడదు. అక్కకి గుర్తున్నది ఆ ఒక్క నంబరే అయ్యుంటుంది.

ప్రశ్న అడిగినవారు

ఆయనతో నిన్న మాట్లాడాను. ఒక సంగతి బయటపడింది. ఎవరో వాట్సాప్‌లో పరిచయమై, డబ్బు కడితే అక్క పేరు రేషన్ జాబితాలో ఎక్కిస్తానని, ఇంకొంత కడితే యూరప్ పంపిస్తానని అంటున్నాడట. ఈయన మొదటి విడత కట్టడానికి సిద్ధంగా ఉన్నారు.

జవాబు (నీళ్ల సరఫరా పని చేసిన సభ్యురాలు)

కట్టొద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి! చాద్‌లో శరణార్థుల నమోదు యూఎన్‌హెచ్‌సీఆర్, ఆ దేశపు శరణార్థుల సంస్థ సీఎన్ఏఆర్ఆర్ కలిసి చేస్తాయి. నమోదు, రేషన్ కార్డు, శిబిరానికి తరలింపు, వేరే దేశంలో పునరావాసం, దేనికీ రుసుము లేదు. ఎవరు అడిగినా మోసమే, సంస్థ బ్యాడ్జీ వేసుకున్న మనిషి అడిగినా సరే. అతను పంపిన మెసేజీలు చెరిపేయకుండా దాచి, యూఎన్‌హెచ్‌సీఆర్ సహాయ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టించండి. అక్క, అమ్మ వివరాలు అతనికి ఏమేం చెప్పారో కూడా అడగండి. ఇకమీదట వాళ్ల ఫొటోలు, పేర్లు ఏ గ్రూపులోనూ పెట్టొద్దు. ఆ కుటుంబం ఎవరి నుంచి తప్పించుకుని వచ్చిందో వాళ్లు కూడా ఆ గ్రూపులు చూస్తుంటారు.

ప్రశ్న అడిగినవారు

కట్టలేదు. సమయానికి ఆపాను. మీ అందరికీ చాలా రుణపడి ఉన్నాను.

ఇవాళ మధ్యాహ్నం ఇద్దరం రెడ్ క్రాస్ ఆఫీసుకి వెళ్లాం. రెండు ఫారాలు నింపేసరికి మూడు గంటలు పట్టింది. అమ్మగారి ముద్దుపేరు రాయమన్నప్పుడు ఆయన మొదటిసారి నవ్వారు. ఆమె పేటలో అందరికీ కుట్లు అల్లికలు నేర్పేదట, ఆ పేరుతోనే పిలుస్తారట. అదీ రాశాం. ఎడమచేతి మీద కాలిన మచ్చ ఉందని ఇంటికొచ్చాక గుర్తొచ్చిందని ఇప్పుడే మెసేజ్ పెట్టారు. రేపు పొద్దున్నే మళ్లీ వెళ్లి అది కూడా చేర్పించి వస్తాం.