తల పడమరకి, గుంత ఖాళీ: 7వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఇది క్రైస్తవ సమాధేనా?

గోతిగట్టు: ఇసక నేల. ఎముక లేదు, మనిషి ఒంటి ఆకారంలో మరక మాత్రం ఉంది. తల పడమరకి, శవంతో పెట్టిన సామాను లేదు. క్రైస్తవ సమాధి అని రాసేయొచ్చా? పక్కనున్న పునాది కందకం చర్చిదో కాదో ఎలా తేల్చాలి?

లోహపురుగు: రాసేయకండి. ఎసెక్స్‌లోని ప్రిటిల్‌వెల్ రాచ సమాధిలో తల దగ్గర రెండు బంగారు రేకు శిలువలు, గది నిండా కత్తీ గిన్నెలూ. కేంబ్రిడ్జ్ దగ్గర ట్రంపింగ్టన్‌లో టీనేజీ అమ్మాయిని మంచంతో సహా పాతారు, గొంతు దగ్గర గార్నెట్ల (ఎర్ర రాళ్ల) శిలువ. సామానుంటే అన్యమతం అనే లెక్క ఎప్పుడో పోయింది. 670–680ల తర్వాత సామాను పెట్టడమే దాదాపు మానేశారు, కాబట్టి ఖాళీ గుంత ఏమీ చెప్పదు. పడమర తల అన్యమతస్థులకీ ఉంది.

చూరుకింద: గోడవారన పసికందులున్నారేమో చూడండి. నార్తాంప్టన్‌షైర్‌లో తవ్విన పాత చర్చి రాండ్స్ ఫర్నెల్స్‌లో పసివాళ్లని గోడలకి ఆనుకునే పాతారు. కప్పు మీంచి జారే నీళ్లే బాప్తిస్మమని.

రాతిపలక: మళ్లీ చూరునీళ్ల కథ! ఆ కాలపు ఏ రాతలో ఉంది?

చూరుకింద: రాతలో లేకపోతే మట్టిలో ఉన్నది లేనట్టా?

రాతిపలక: గుమిగూడటం నిజం, వానే కారణమన్నది మీ ఊహ. పసివాళ్ల గుంత లోతు తక్కువ. దూరంగా ఉన్నవి తర్వాతి సమాధులు తవ్వేటప్పుడు చెదిరిపోతాయి, గోడ పక్కవి బతుకుతాయి. మీరు లెక్కపెడుతున్నది మిగిలినవాటిని.

ఐసోటోప్: తేదీ గురించి ఎవరూ మాట్లాడరేం? ల్యాబ్‌వాణ్ని, కాస్త వినండి. డెర్బీషైర్‌లోని రెప్టన్‌లో 264 మంది ఎముకల గుట్ట. పాత రేడియోకార్బన్ తేదీలు కొన్ని ముందు శతాబ్దాలకి జారాయి. కారణం చేపలు: సముద్రంలోని పాత కార్బన్ చేపల ద్వారా, వాటిని తిన్నవాళ్ల ఎముకలోకి చేరి తేదీని వెనక్కి నెడుతుంది. సవరిస్తే 873–74 శీతాకాలపు వైకింగ్ సైన్యానికి సరిపోయాయి. తేదీ కట్టే కొలాజెన్‌లోనే (ఎముకలోని ప్రోటీన్) కార్బన్-13, నైట్రోజన్-15 కొలిపించండి, చేపలు ఎంత తిన్నారో అవే చెబుతాయి. కార్బన్–నైట్రోజన్ నిష్పత్తి 2.9–3.6 మధ్య లేకపోతే కొలాజెన్ చెడిపోయినట్టే, ఆ ముక్క పనికిరాదు.

గోతిగట్టు: ఎముకే లేదని మొదటి పోస్టులోనే చెప్పాను కదండీ.

లోహపురుగు: సఫోక్‌లోని సట్టన్ హూ సమాధుల్లోనూ ఇదే, ఆమ్లపు ఇసక ఎముకని తినేస్తుంది. తాపీతో పలచగా గీకండి, ఎండితే మరక మాయమవుతుంది, నీళ్లు చిలకరిస్తూ ఉండండి. తల, పొట్ట, కాళ్ల చోట మట్టి తీయండి, పోల్చడానికి గుంత బయట కూడా. ఒళ్లు కుళ్లితే మట్టిలో మిగిలే ఫాస్ఫేట్ తేడా తెలుస్తుంది. తలవైపు మట్టంతా సన్న జల్లెడ పట్టండి. ప్రిటిల్‌వెల్‌లో మనిషి తాలూకు దొరికింది పంటి ఎనామెల్ ముక్కలే.

ఓక్‌వలయం: చెక్క చర్చి అనగానే ఎసెక్స్‌లోని గ్రీన్‌స్టెడ్ చర్చి 845 నాటిదని చెప్పేవాళ్లకి: ఆ దుంగలు 1063కి ముందు నరికినవి కావు.

చూరుకింద: ఇక్కడ చెక్క చర్చి ఊసెత్తిందెవరు?

రాతిపలక: కందకంలో రోమన్ రాళ్లు దొరికాయని రోమన్ కట్టడం అనేయకండి. డరమ్ దగ్గరి ఆంగ్లో-సాక్సన్ ఎస్కోంబ్ చర్చి కట్టిందే రోమన్ రాళ్లతో. ఏ గుంత కందకాన్ని కోసింది, కందకం ఏ గుంతని కోసింది, అది ముందు గీయండి; కోసిందే తర్వాతది.

చూరుకింద: గీసేటప్పుడు పసికందుల గుంతలు కూడా గీయమనండి సార్, మీకు అక్కర్లేకపోయినా.