కట్నాల నోట్‌బుక్‌లో ‘కుంటి కొమురయ్య’ అని రాయొచ్చా?

పరకాల పిల్లగాడు:
మొన్న చుట్టాల పెళ్లికి పోయాం. మా బాపు కట్నం ఇవ్వగానే రాసే అతను నోట్‌బుక్‌లో ‘కుంటి కొమురయ్య – 516’ అని రాసి, అదే మాట మైకులో చదివాడు. ఒక్కరూ నవ్వలేదు. అదే నాకు ఇంకా కాలింది, అంటే అందరికీ అది మామూలే అన్నమాట. బాపును అడిగితే ‘రాయనీ బిడ్డా, ఊళ్లో నలుగురు కొమురయ్యలం, లేకుంటే నా పైసలు ఇంకొకడి లెక్కల పడుతయి’ అన్నాడు. వచ్చే నెల చెల్లె పెళ్లి. కార్డు మీద ఉత్త కొమురయ్య అనే వేయించాలని నేను, గుర్తుపట్టేటట్టు వేయించమని అవ్వ. ఒంటి లోపాన్ని పేరుకు తగిలించడం తప్పని నేనంటాను. మీరేమంటారు?

హన్మకొండ చౌరస్తా:
తమ్మీ, మన దిక్కు పేర్లు ఎట్లా పెడతారో చూడు. కొమురెల్లి మల్లన్నకు మొక్కుకుంటే కొమురయ్య, ఐలోని మల్లన్నకు మొక్కుకుంటే ఐలయ్య, వేములవాడ పోయొస్తే రాజయ్య, మేడారం మొక్కయితే సమ్మయ్యో సారక్కో. ఒక్క వాడలో ముగ్గురు సమ్మయ్యలుంటే పోస్టుమన్ ఏం చేయాలి? అందుకే బక్క సమ్మయ్య, మిల్లు సమ్మయ్య, బొగ్గుబాయి సమ్మయ్య అని విడగొట్టుకున్నారు. ఇది ఎక్కిరింపు కాదు, అడ్రసు. మా తాతను ఊరంతా బక్కోడనే పిలిచేది, చచ్చేనాటికి మనిషి తొంభై కిలోలున్నాడు.

కాజీపేట అక్క:
అడ్రసే అయితే మిల్లు, బొగ్గుబాయి సరిపోతాయి కదా అన్నా, బక్క ఎందుకు, కుంటి ఎందుకు? దొర కాలు వంకరగా ఉన్నా ఆయన్ని ముఖం మీద అట్లా పిలిచినోడు ఏ ఊళ్లోనైనా ఉన్నాడా? వెనక అనుకునేవాళ్లు, అంతే. ఎదురు చెప్పలేని వాళ్లకే ఇట్లాంటి పేర్లు అతుక్కుంటాయి. బళ్లో నన్ను ‘బర్రె’ అనేవాళ్లు, ఒకసారి టీచరు కూడా నవ్వుకుంటూ అనేసింది. ఇరవై ఏళ్లయింది, ఇప్పటికీ ఆ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నేను లేను.

ధర్మసాగరం చెరువు:
అక్కా, అన్ని పేర్లూ అట్లా ఉండవు. పాలకుర్తి ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల, జనం మాత్రం చాకలి ఐలమ్మ అనే అన్నారు. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి కూడా ఆ పేరే పెట్టారు. గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్ రావు అంటే ఎంతమందికి తెలుసు? కాళోజీ నారాయణరావు మనకు కాళన్నే.

కాజీపేట అక్క:
కాళన్న అనేది ప్రేమతో పిలిచింది, దాంతో నాకు గొడవ లేదు. ఐలమ్మ సంగతి వేరు. విసునూరు దొరతో భూమి కోసం కొట్లాడింది ఆమె, ఆమె వల్ల ఆ మాటకు గౌరవం దక్కింది. అదే కులం పేరుతో ఇప్పుడు మీ వాడలో ఎవరినైనా కేకేసి చూడు, ఏమవుతుందో.

హన్మకొండ చౌరస్తా:
దీనికి నా దగ్గర జవాబు లేదు. పోస్టుమన్ కష్టం మాత్రం నిజం.

పరకాల పిల్లగాడు:
రాత్రి బాపునే అడిగాను, కార్డు మీద ఏం వేయించమంటావని. ఇది ముందే అడగాల్సింది, నేనూ అవ్వా వారం నుంచి ఆయన ముందే కొట్లాడుకుంటున్నాం. అంటించని బీడీని చాలాసేపు వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చుని ‘లారీ కొమురయ్య అని వేయించు’ అన్నాడు. కాలు దెబ్బతినకముందు పదకొండేళ్లు బొగ్గు లారీ నడిపాడట, నాకప్పటికి రెండేళ్లు. ‘గా పేరు ఎవలకు యాదున్నది, కార్డు చూసి ఏ కొమురయ్యో అనుకుంటరు’ అని అవ్వ లొల్లి. ‘అనుకోనీ, ఫోన్ చేసి అడుగుతరు’ అన్నాడు. కార్డు ప్రూఫ్ రేపు వస్తుంది.