కోట దగ్గర పాత ఇల్లు అమ్ముతున్నాం, ఈసీ (ఇంటి మీద అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం) రావడం లేదు, ఎవరైనా చెప్పండి

అరుగుమీద_అబ్బాయి:
పొద్దున్నుంచి రిజిస్ట్రేషన్ శాఖ సైటుతో కుస్తీ పడుతున్నాను, ఇక నా వల్ల కాదు. విజయనగరంలో కోటకీ మూడులాంతర్లకీ మధ్య ఒక వీధిలో మాకు పాత పెంకుటిల్లు ఉంది. 18 అడుగుల వెడల్పు, 70 అడుగుల లోతు, రెండు పక్కలా ఉమ్మడి గోడలే. కొనేవాళ్లు దొరికారు, అడ్వాన్సు ఇస్తామంటున్నారు, వాళ్ల బ్యాంకు లాయరు ఈసీ అడిగాడు. డోరు నంబరు కొట్టినా, వీధి పేరు కొట్టినా లావాదేవీలు లేవనే వస్తోంది. ఇల్లు ఉంది, దస్తావేజు ఉంది, మరి అందులో ఎందుకు కనపడదు? పైగా దస్తావేజులో విశాఖపట్నం జిల్లా అని ఉందని లాయరు ఇంకో పేచీ పెట్టాడు. ఇంకోటి, గోడలు చెమ్మ పట్టి ఉన్నాయి, సిమెంటు పూత పూయించి రంగు వేయిస్తే కాస్త రేటు పలుకుతుందా? త్వరగా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

లేఖరి:
దస్తావేజు ఏ సంవత్సరం?

గానుగసున్నం:
సిమెంటు అన్న మాట చూసి ఆగలేక రాస్తున్నాను. బాబూ, దయచేసి ఆ పని చేయకండి. ఆ వీధుల్లో పాత ఇళ్లు ఇటుక, సున్నంతో కట్టినవి. సున్నపు గోడ నేలలోంచి చెమ్మ పీల్చినా మళ్లీ గాలికి వదిలేస్తుంది, దాని మీద సిమెంటు పూశారంటే ఆ దారి మూసుకుపోతుంది, చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది, ఉప్పు పొంగుతుంది, నాలుగు వానలు పడ్డాక పూత పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. మీరు అమ్మేసి వెళ్లిపోతారు, కొన్నవాడు తల పట్టుకుంటాడు. ముందు పైకప్పు చూడండి, పెంకులు జరిగి కారుతుంటే గోడకి ఏం పూసినా దండగే. 2014లో హుద్‌హుద్ తుపానుకి పెంకులు ఎగిరిపోయిన ఇళ్లకి ఎంతమంది రేకులు కొట్టించేశారో మనకి తెలుసు, వేసవిలో ఆ ఇళ్లలో కూర్చోగలరా? 1713లో కోట కట్టిన దగ్గర్నుంచీ దాని చుట్టూ పెరిగిన ఊరండీ ఇది. గురజాడ వారి ఇల్లు ఒక్కటి చూపించుకుంటూ మిగతా అరుగులన్నీ పడగొట్టి షట్టర్లు పెట్టుకుంటున్నాం. కొనేవాళ్లు ఇల్లు ఉంచుతారో లేదో అడిగారా?

అరుగుమీద_అబ్బాయి:
ఇల్లు పడగొడతానని నేను అనలేదండీ. కొన్నాక వాళ్లిష్టం. ఈసీ సంగతి చెప్పండి చాలు. దస్తావేజు 1958ది, తాతగారు కొన్నది.

లేఖరి:
అది ముందే చెప్పాలి కదా. ఆన్‌లైన్‌లో 1983 నుంచి జరిగినవే దొరుకుతాయి. 1958ది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాల్లో ఉంటుంది, దస్తావేజు నంబరు, సంవత్సరం రాసి అక్కడ దరఖాస్తు పెట్టండి, చేత్తో వెతికి ఇస్తారు. దస్తావేజు సర్టిఫైడ్ కాపీ కూడా అప్పుడే అడగండి. ఇక మీకు వస్తున్న జవాబు తప్పు కాదు. తాతగారు కొన్నాక ఆ ఇంటి మీద ఎవరూ ఏదీ రిజిస్టర్ చేయించకపోతే ఈసీ నిల్ అనే రావాలి. తనఖా లేదు, ఎవరికీ అమ్మలేదు అని దాని అర్థం, మీకు మంచిదే. కాకపోతే కొత్త డోరు నంబరు ఒక్కటే కొట్టి తీసిన ఈసీ లాయరు ఒప్పుకోడు. పాత డోరు నంబరు, వార్డు, నాలుగు హద్దులు దస్తావేజులో ఎలా ఉన్నాయో అలా ఇవ్వండి.

కంటోన్మెంటు_మాస్టారు:
విశాఖ జిల్లా అని ఉండడం పేచీయే కాదు. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. అంతకుముందు విజయనగరం, గజపతినగరం, శృంగవరపుకోట, భోగాపురం వైపంతా విశాఖపట్నం జిల్లా, పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి, చీపురుపల్లి వైపు శ్రీకాకుళం జిల్లా. 1958 దస్తావేజులో విజయనగరం జిల్లా అని ఉంటేనే అనుమానించాలి! మీ లాయరు ఏ ఊరివాడండీ?

ఈశాన్యం_మూల:
ఇల్లు ఏ ముఖం?

లేఖరి:
తాతగారు ఎప్పుడు పోయారు? వీలునామా ఉందా? పన్ను ఎవరి పేరున కడుతున్నారు?

అరుగుమీద_అబ్బాయి:
1974లో. వీలునామా లేదు. పన్ను ఇప్పటికీ తాతగారి పేరునే వస్తోంది, మేమే కడుతున్నాం. నాన్నగారు ఒక్కరే కొడుకు, ఆయన కూడా లేరు. అమ్మ, నేను, చెల్లి సంతకాలు పెడతాం, ఇందులో సమస్య ఏముంది?

లేఖరి:
ఒక్కరే కొడుకా, ఒక్కరే సంతానమా?

అరుగుమీద_అబ్బాయి:
ఇద్దరు మేనత్తలు. పెళ్లిళ్లప్పుడే వాళ్లకి బంగారం, పసుపు కుంకుమ కింద పొలం అన్నీ ఇచ్చేశారు.

లేఖరి:
అదీ సంగతి.

కంటోన్మెంటు_మాస్టారు:
కంగారు పెట్టకండి ఆయన్ని. పిత్రార్జితంలో ఆడపిల్లలకి మన రాష్ట్రంలో హక్కు వచ్చింది 1986 సవరణతో, అదీ అప్పటికి పెళ్లి కానివాళ్లకే. వీళ్ల అత్తలకి అంతకుముందే పెళ్లిళ్లు అయి ఉంటాయి.

లేఖరి:
మాస్టారూ, ఇది పిత్రార్జితం ఎలా అవుతుంది? ఆయన సొంత డబ్బుతో కొన్నాడు, స్వార్జితం. వీలునామా రాయకుండా పోయాడు. 1956 వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం భార్యకి, కొడుక్కి, కూతుళ్లకి సమాన వాటాలు. కూతురికి పెళ్లయిందా లేదా అన్న ప్రశ్న అక్కడ లేనే లేదు. మీరు చెప్పే 1986, తర్వాత వచ్చిన 2005 సవరణ, రెండూ ఉమ్మడి కుటుంబ ఆస్తికి.

కంటోన్మెంటు_మాస్టారు:
తాతది మనవడికి వస్తే పిత్రార్జితం అనే కదా లోకంలో అంటారు.

లేఖరి:
లోకం అనేది వేరు, బ్యాంకు లాయరు రాసేది వేరు. అరుగుమీద అబ్బాయి గారూ, మామ్మగారు కూడా పోయి ఉంటే, ఆవిడా వీలునామా రాయకపోతే, మొత్తం మూడు వాటాలు. మీ నాన్నగారిది ఒకటి, అత్తలది చెరొకటి. పెళ్లిలో ఇచ్చింది ఇచ్చినట్టే, అది ఈ ఇంటి వాటా వదులుకున్నట్టు కాగితం కాదు. ముందు వాళ్లచేత విడుదల పత్రం రాయించి తర్వాత అమ్మితే రెండు రిజిస్ట్రేషన్ల ఖర్చు. అందరూ ఒకే సేల్ డీడ్‌లో అమ్మకందారులుగా సంతకం పెట్టేస్తే పోతుంది. స్టాంపు 5, బదిలీ సుంకం 1.5, ఫీజు 1, మొత్తం 7.5 శాతం, అది మామూలుగా కొనేవాడే కడతాడు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లు తాతగారివి, నాన్నగారివి రెండూ తీయండి. అవి చేతికి వచ్చేదాకా అడ్వాన్సు ముట్టుకోవద్దు. పన్ను రసీదు పట్టుకుని ఇల్లు మాదే అంటే చెల్లదు.

పెరట్లో_జామచెట్టు:
22ఏ నిషేధిత జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా, అది కూడా చూసుకోండి. మా వీధిలో ఒకాయనకి అంతా అయిపోయాక, స్లాట్ కూడా బుక్ చేసుకున్నాక, సర్వే నంబరు అందులో ఉందని తేలింది. ఆయన స్థలం తప్పు కాదు, అదే నంబరులో పక్క భాగం దేవాలయానిదట, మొత్తం నంబరంతా పెట్టేశారు. అది తీయించుకునేసరికి కొనేవాడు వేరే ఇల్లు కొనుక్కున్నాడు.

ఈశాన్యం_మూల:
18కి 70 అంటే మరీ పొడుగు. వెనక పెరట్లో నుయ్యి ఎటు ఉంది?

గానుగసున్నం:
నుయ్యి ఉందా? పూడ్చారా?

పెరట్లో_జామచెట్టు:
ఇంతకీ 140 గజాలా? దస్తావేజులో ఎంత ఉంది? ఉమ్మడి గోడ సగం మందం మీకు కలిపారా, పక్కింటివాళ్లకి పోయిందా? కొలతల దగ్గరే గొడవ వస్తుంది, ముందే పక్కింటివాళ్లతో కలిసి టేపు పట్టించుకోండి.

అరుగుమీద_అబ్బాయి:
గజాలు 140 అనే ఉంది, గోడ సంగతి రాయలేదు. చిన్నత్త బరంపురంలో ఉంది, ఇప్పుడే మాట్లాడాను, వచ్చి సంతకం పెడతానంది, కాస్త నిష్ఠూరమాడింది అనుకోండి. పెద్దత్త పోయింది, ఆవిడ పిల్లలు రాయపూర్‌లో. వాళ్లతో మాకు రాకపోకలు లేవు, ఫోన్ ఎత్తడం లేదు.

లేఖరి:
వాళ్లు లేకుండా కుదరదు. రాలేకపోతే అక్కడే రిజిస్టర్డ్ జీపీఏ (తమ తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) ఇవ్వచ్చు, ఇవ్వాలి అనుకుంటే.

అరుగుమీద_అబ్బాయి:
సరే చూస్తాను. థ్యాంక్స్ అందరికీ.

గానుగసున్నం:
సిమెంటు మాత్రం వద్దు. పెచ్చులూడిన చోట సున్నమే పూయించండి, చేసే మేస్త్రీ కావాలంటే మెసేజ్ పెట్టండి.

ఈశాన్యం_మూల:
ముఖం చెప్పనేలేదు.