రాధికా సాంత్వనం: పద్యాలు తీసేసి చదవమంటున్నారు, ఏం చేయాలి?

తెనాలి పాఠకురాలు:
మా ఊళ్లో కొందరం కలిసి నెలకోసారి ఒక పాత కావ్యం పైకి చదువుకుంటాం. ఎక్కువమంది ఆడవాళ్లమే. టీచర్లు, రిటైరైనవాళ్లు, ఈమధ్య చేరిన ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు. వచ్చే నెలకి ముద్దుపళని రాధికా సాంత్వనం అనుకున్నాం. ఆ సంగతి మాకు గది ఇచ్చే సంస్థ పెద్దలకు తెలిసి కబురు పెట్టారు. అది బూతు కావ్యమట, ఒకప్పుడు నిషేధించారట. చదవాలనుకుంటే ఏ పద్యాలు వదిలేయాలో వాళ్లే జాబితా ఇస్తారట. గొడవెందుకు, సరేననేద్దాం అని మాలో సగం మంది అంటున్నారు.

నాకు మాత్రం మనసొప్పడం లేదు. ఆ పెద్దల్లోనే ఒకాయన పోయినేడాది మాతో కూర్చుని శ్రీనాథుడి శృంగార నైషధం చదివారు. పద్యం పద్యానికీ ఆగి, రసం విడమరిచి మరీ అర్థం చెప్పారు. ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఈ పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఏమైంది? నిషేధం కథ తెలిసినవాళ్లు చెప్పండి. ఇప్పుడు చట్టపరంగా ఏమైనా అడ్డం ఉందా?

గోదారి గట్టు:
అమ్మా, నేను రాజమండ్రిలో చాలా ఏళ్లు తెలుగు పాఠం చెప్పి రిటైరైన దాన్ని. మీరు రాసింది చదివాక ఊరుకోలేకపోయాను.

ఈ కావ్యం మీద కత్తెర పడటం పోలీసులతో మొదలు కాలేదు. ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న విదుషి. 584 పద్యాల కావ్యం రాసింది. 1887లో ఇది అచ్చయినప్పుడు కొన్ని పద్యాలు ఎగిరిపోయాయి. వాటితోపాటు ఆమె తన వంశం చెప్పుకున్న పీఠిక కూడా పోయింది. పీఠికలో శృంగారం ఏముందమ్మా? తానెవరో చెప్పుకుంది, అంతే. ఆ పుస్తకం కొన్నవాళ్లకు ఇందులో ఏదో లోపించిందని తెలిసే దారి కూడా లేదు. అందుకే నాకు నిషేధం కన్నా ఈ కత్తిరింపు అంటేనే ఎక్కువ భయం. నిషేధిస్తే ఫలానా పుస్తకం దొరకనివ్వడం లేదని లోకానికి తెలుస్తుంది, ఎవరో ఒకరు కొట్లాడతారు. కత్తిరిస్తే చదివినవాడు అంతా చదివేశాననే అనుకుంటాడు.

ఇక వీరేశలింగం గారు. మా ఊరి మనిషి. 1881లో ఇక్కడే మొదటి వితంతు వివాహం జరిపించి, ఊరంతా ఎదురు తిరిగినా నిలబడ్డారు. ఆయన పేరు చెబితే నాకు ఈ రోజుకీ గర్వమే. ఆయనే ఆంధ్ర కవుల చరిత్రలో ముద్దుపళని పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, ఈ కావ్యంలో చాలా భాగం ఆడవాళ్లు వినడానికే తగదు, ఆడదాని నోట రావడం అసలు తగదు అన్న అర్థంలో రాశారు. ఆడవాళ్ల బతుకు బాగుపడాలని అంత తపించిన మనిషికి, ఒక ఆడది తన కోరిక గురించి తానే పద్యం కట్టడం మింగుడు పడలేదు. నన్ను బాధపెట్టేది ఇదే. అడ్డుకునేవాళ్లు ఎప్పుడూ చెడ్డవాళ్లే అయి ఉండరు.

దీనికి జవాబు చెప్పింది బెంగళూరు నాగరత్నమ్మ గారు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన ఆవిడే. ముద్దుపళనిలాగే ఆమెదీ దేవదాసీ కుటుంబమే. రాతప్రతి సంపాదించి, తప్పులు సరిచూసి, పోయిన పద్యాలను మళ్లీ చేర్చి 1910లో వావిళ్లవారి చేత అచ్చు వేయించారు. ముందుమాటలో వీరేశలింగం గారినే నిలదీశారు. సిగ్గూ ఔచిత్యమూ ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అన్నారు. మగ కవి రాసిన శృంగార కావ్యం వైజయంతీ విలాసాన్ని ఆయనే చూసి అచ్చుకు ఒప్పుకున్నారు కదా, ఇందులో ఉన్నది అందులో ఉన్నదానికన్నా ఎక్కువా అనీ అడిగారు. మీ ఊరి పెద్దాయన నైషధానికి అర్థం చెప్పిన సంగతి చదవగానే నాకు ఈ ముందుమాటే గుర్తుకొచ్చింది.

1911లో ఇది అశ్లీలమని పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు, ప్రభుత్వం నిషేధించింది. మగ కవుల శృంగార ప్రబంధాలు కొన్నింటి మీద కూడా అదే వేటు పడింది, అది దాచకూడదు. పండితులు అర్జీలు పెట్టినా లాభం లేకపోయింది. 1947లో ప్రకాశం పంతులు గారు నిషేధం ఎత్తేశారు. వావిళ్లవారు 1952లో మళ్లీ అచ్చువేశారు. నాగరత్నమ్మ గారు కన్నుమూసిందీ ఆ ఏడాదే.

జాబితా తీసుకోకండి. గది పోతే పోనివ్వండి, ఎవరింట్లోనైనా చాప వేసుకుని చదువుకోవచ్చు.

పల్నాడు మాస్టారు:
మేడం, నిషేధం నేనూ కోరను. కానీ ఆ డిగ్రీ పిల్లల గురించి ఆలోచించండి. రాధ తాను పెంచిన ఇళకు, అంటే కృష్ణుడి కొత్త పెళ్లికూతురికి, పెళ్లిరాత్రి ముందు చెప్పే మాటలను, అమ్మమ్మ వయసు వాళ్ల మధ్య కూర్చుని వినాలంటే వాళ్లు నలిగిపోరా? నేను క్లాసులో కొన్ని పద్యాలు దాటేస్తాను. అది సెన్సార్‌షిప్ అంటే నేను ఒప్పుకోను.

గోదారి గట్టు:
మాస్టారూ, నేనూ దాటేసిన రోజులున్నాయి. క్లాసులో పిల్లలు తమకు తాము ఎంచుకుని రారు, కాబట్టి అక్కడ మన బాధ్యత వేరు. ఇక్కడికి ఎవరిష్టంతో వాళ్లు వస్తున్నారు. ఏ పద్యాలు వస్తాయో ముందే చెబితే సరిపోతుంది, ఇబ్బంది అనుకున్న అమ్మాయి ఆ రోజు మానేస్తుంది. ఆ నిర్ణయం ఆ అమ్మాయిది, జాబితా రాసే పెద్దలది కాదు.

మీరన్న ఘట్టంలోనే ఇంకోటి ఉంది. పిల్ల చిన్నది, సుతారంగా ఉండు అని రాధ కృష్ణుడికి కూడా చెబుతుంది. ఆ రోజుల్లో ఆ మాట అంత తేటగా పద్యంలో పెట్టిన కవయిత్రి ఇంకొకరిని చూపించండి. ఇరవై ఏళ్ల అమ్మాయిలు వినాల్సిందే అది.

గుంటూరు వకీలు:
చట్టం సంగతి నేను చెబుతాను. అశ్లీల ప్రచురణల గురించిన పాత ఐపీసీ 292 స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 294 వచ్చింది. సాహిత్యం, కళ, విద్య కోసం ప్రజాప్రయోజనంగా ఉన్న ప్రచురణలకు అందులో మినహాయింపు ఉంది. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు పాత ఇంగ్లండు కొలతను పక్కనపెట్టి, నేటి సమాజపు ప్రమాణాలతో, మొత్తం సందర్భం చూసి తేల్చాలని చెప్పింది. అటూ ఇటూ ఏరిన నాలుగు పద్యాలు చూపించి కావ్యం మొత్తాన్ని అశ్లీలమంటే నిలబడటం కష్టం. ఎప్పుడో ఎత్తేసిన నిషేధం మీకు అడ్డం కాదు.

ఇంకో విషయం. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ నవల మీద గొడవ రేగినప్పుడు, ఆయన చేత 2015 జనవరిలో అధికారులు శాంతి చర్చల పేరుతో ఒప్పంద పత్రం రాయించారు. అది ఆయన్ని కట్టిపడేయదని 2016లో మద్రాసు హైకోర్టు చెప్పింది. ఊరు ప్రశాంతంగా ఉండాలి కదా అంటూ రాయించుకునే కాగితాల బలం అంతే. గది మాత్రం వాళ్లది. ఇవ్వం అని వాళ్లంటే మీరు బలవంతం చేయలేరు.

తెనాలి పాఠకురాలు:
అందరికీ కృతజ్ఞతలు. నాగరత్నమ్మ గారి ముందుమాట సంగతి గ్రూపులో చెప్పాను. సరేననేద్దాం అన్నవాళ్లలో ఇద్దరు అటు నుంచి ఇటు వచ్చారు, ఒకావిడ ఇంకా బెదురుతున్నారు. డిగ్రీ అమ్మాయిలను విడిగా అడిగాను. మమ్మల్ని అడ్డం పెట్టుకుని పద్యాలు తీయొద్దు అన్నారు. జాబితా వద్దని పెద్దలకు ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. మా మేడ మీద హాల్లో చదువుకుంటాం, పీఠికతో మొదలుపెట్టి. గోదారి గట్టు మేడం, వీలైతే ఆ రోజు ఫోన్ స్పీకర్లో మీరు అర్థం చెబుతారా? మాలో ఛందస్సు తెలిసినవాళ్లున్నారు కానీ, తంజావూరు నాటి మాటలు మాకు కొన్ని పట్టుబడవు.

గోదారి గట్టు:
తప్పకుండా. మీ దగ్గరున్న ప్రతిలో పీఠిక ఉందో లేదో ముందు చూసి చెప్పండి. లేకపోతే నా పుస్తకంలోంచి ఫొటోలు తీసి పంపుతాను.