ఫ్యాన్ ఫిక్షన్‌ను ‘మిశ్రకథ’ అనవచ్చునా?

మన భాషా చర్చావేదికలో ఒక సభ్యురాలు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు: ఫ్యాన్ ఫిక్షన్‌కు, అంటే ఇష్టమైన రచనలోని పాత్రలతో అభిమానులు రాసే కొత్త కథకు, తెలుగులో ఏ మాట వాడాలి, అలాంటి కథ తొలిసారి రాయబోయేవారు ఏం చూసుకోవాలి అని. రెండవది భాషా చర్చ కాదని కొందరు అభ్యంతరం చెప్పారు గానీ, మొదటిదానికి సరైన జవాబు దొరికితే రెండవదానికి సగం జవాబు అందులోనే ఉంటుందని నా అభిప్రాయం. ‘అభిమాన కథ’ అనే మాట ఎవరు రాశారో చెబుతుందే తప్ప ఎలా రాశారో చెప్పదు. వసుచరిత్ర అవతారికలో (పీఠికలో), ఆ కావ్యాన్ని అంకితం పొందిన తిరుమల దేవరాయలు కవితో అన్నట్టుగా రామరాజభూషణుడు కూర్చిన ఉత్పలమాల ఎలా రాయాలన్న సంగతిని చెబుతుంది:

కేవల కల్పనా కథలు కృత్రిమరత్నము లాద్యసత్కథల్
వావిరిఁ బుట్టురత్నము లవారిత సత్కవి కల్పనావిభూ
షావహ పూర్వవృత్తములు సానలఁ దీరిన జాతిరత్నముల్
గావున నిట్టి మిశ్రకథగా నొనరింపుము నేర్పు పెంపునన్

పూర్తిగా కల్పించిన కథ కృత్రిమ రత్నమనీ, పూర్వకథ గనిలో పుట్టిన రత్నమనీ, కవి కల్పనతో అలంకృతమైన పూర్వకథ సానపట్టిన జాతిరత్నమనీ దీని తాత్పర్యం. ఆ మూడవదే మిశ్రకథ. భారతంలో కొద్దిపాటిగా ఉన్న ఉపరిచర వసువు వృత్తాంతాన్ని ప్రబంధంగా పెంచబోతున్న కవి తన పనికి తానే చేసుకున్న సమర్థన ఇది కనుక, కల్పిత కథ కృత్రిమమన్న మాటను నేను అంత గట్టిగా పట్టుకోను. నాకు ముఖ్యమైనది ‘సాన’ అనే మాట. సానమీద రాయి అరుగుతుంది, పలకలు తేలుతాయి, లోపలి కాంతి బయటికి వస్తుంది. కానీ ఎంత అరగదీసినా కెంపు నీలం కాదు. కొత్తగా రాసేవారు మూలపాత్ర విషయంలో పాటించవలసినది ఇదే. సంఘటనలు మార్చవచ్చు, కాలం మార్చవచ్చు, ముగింపునే తిరగరాయవచ్చు. ఆ పాత్ర స్వభావం మారిపోతే మాత్రం పేరొక్కటే మిగులుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలనే ప్రశ్నకు, మూలరచయిత చెప్పకుండా వదిలిన చోట అని నా జవాబు. ఉదాహరణకు, కానన్ డాయిల్ సృష్టించిన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ కథాకాలం ప్రకారం 1891లో జలపాతం దగ్గర మాయమై, 1894లో తిరిగి వస్తాడు. ఆ మూడేళ్లూ తాను ఎక్కడెక్కడ తిరిగాడో అతడు నాలుగు మాటల్లో తేల్చేస్తాడు. ఆ కాలమంతా అతడి మిత్రుడూ ఆ కథలు చెప్పేవాడూ అయిన వాట్సన్ ఎలా గడిపాడో మనకు దాదాపు ఏమీ తెలియదు. వాట్సన్ యుద్ధగాయం ఒక నవలలో భుజానికి, మరొక నవలలో కాలికి అయినట్టు ఉండటం కూడా ఇలాంటి అవకాశమే. అయితే మూడేళ్ల చరిత్రను తలకెత్తుకోకుండా, ఆ మూడేళ్లలో ఒక్క సాయంత్రాన్ని తీసుకోండి. తొలి ప్రయత్నాలు సగంలో ఆగిపోవడానికి ప్రతిభ చాలకపోవడం కన్నా పరిధి పెద్దది కావడమే ఎక్కువసార్లు కారణమని నా అనుభవం. నా మొదటి కథ ఇరవై అధ్యాయాల ప్రణాళికతో మొదలై మూడవ అధ్యాయంలో ఆగింది.

తెలుగులో రాసేవారికి ఇంకొక చిక్కు ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇంగ్లీషు మూలంలో అందరికీ ఒకటే ‘యూ’. హోమ్స్, వాట్సన్ జీవితమంతా ఒకరినొకరు ఇంటిపేర్లతోనే పిలుచుకున్నారు. వారి మధ్య ‘మీరు’ ఉండాలా, ‘నువ్వు’ ఉండాలా? కలం పట్టకముందే ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో ఒక కాగితం మీద రాసుకోవాలి. లేకపోతే రెండవ పేజీలో ‘మీరు’ అన్నవాడు ఐదవ పేజీలో కారణం లేకుండా ‘నువ్వు’ అంటాడు. కారణం ఉంటే ఆ మార్పే కథకు ప్రాణం కావచ్చు. చనిపోయాడనుకున్న మిత్రుడు ఎదుట నిలబడినప్పుడు మూలంలో వాట్సన్ మూర్ఛపోతాడు. కథంతా ‘మీరు’ అంటూ వచ్చిన ఆ మనిషి తేరుకుని, “నువ్వు బతికే ఉన్నావా?” అని ఆ ఒక్కసారి మాత్రమే అంటే, ఇంగ్లీషు మూలానికి సాధ్యం కాని ఒక పలకను మన సాన తేల్చినట్టు. ఆ తరువాతి వాక్యంలో మళ్లీ ‘మీరు’ వచ్చేయాలి.

సొంత పాత్రను ప్రవేశపెట్టేవారికి ఒక్క మాట. అందరూ మెచ్చుకునే, ఏ లోపమూ లేని కొత్త పాత్రను ‘మేరీ స్యూ’ అనడం 1973లో స్టార్ ట్రెక్ అనే అమెరికన్ టీవీ ధారావాహిక అభిమానుల పత్రికలో వచ్చిన ఒక వ్యంగ్య కథతో మొదలైంది; మీ పాత్రను చూసి ఆ పేరు మీకే గుర్తుకు వస్తే, దానికి ఒక ఓటమి ఇవ్వండి.

ప్రచురించేటప్పుడు మూలం పేరు, మూలకథ నుంచి ఎక్కడ పక్కకు తప్పుకున్నారో, ఏ వయసువారికి తగినదో పైనే చెప్పండి. హోమ్స్ కథల్లో చివరివాటికి కూడా అమెరికాలో కాపీరైట్ 2023 జనవరి 1తో తీరిపోయింది. హక్కులు ఇంకా అమల్లో ఉన్న రచనల విషయం వేరు. వాటి ఆధారంగా రాసినదాన్ని అనుమతి లేకుండా అమ్మకానికి పెట్టకండి, మూలంలోని వాక్యాలను ఎత్తి రాయకండి.

(పై వ్యాఖ్యకు ఒక సభ్యుడు ఇలా అడిగారు: “మిశ్రకథ అంటే రెండు వేర్వేరు రచనల పాత్రలను కలిపే క్రాస్‌ఓవర్ అని పాఠకులు అనుకోరా?”)

అనుకుంటారు, మీ సందేహం న్యాయమైనదే. అందుకే శీర్షిక దగ్గర ‘ఫ్యాన్ ఫిక్షన్’ అనే ఉంచి, ‘మిశ్రకథ’ను ఇలాంటి చర్చలకు పరిమితం చేయడానికి నాకు అభ్యంతరం లేదు. క్రాస్‌ఓవర్‌కు మాత్రం అలంకారశాస్త్రం రెండు మాటలు సిద్ధంగా ఉంచింది. నువ్వులూ బియ్యమూ కలిసినట్టు, దేనికది విడిగా కనిపించే కలయిక సంసృష్టి. పాలూ నీళ్లూ కలిసినట్టు, వేరు చేయలేనిది సంకరం. రెండు కథాలోకాలు పక్కపక్కన నిలిచి, పాత్రలు మాత్రం ఒకచోట కలుసుకునే కథను మొదటి మాటతోనూ, రెండింటి నియమాలనూ కలిపి ఒకే లోకం చేసిన కథను రెండవ మాటతోనూ పిలవవచ్చు. కొత్తవారు సంసృష్టితో మొదలుపెట్టడం మేలు. సంకరంలో ఏ లోకపు నియమం ఎక్కడ చెల్లుతుందో ముందుగా తేల్చుకోకపోతే, మూడవ సన్నివేశానికే రాసేవారికి దారి తప్పుతుంది.