ఐస్ స్కేట్లు కరుస్తున్నాయి: చీలమండ మీద ఉబ్బు, మడమకి బొబ్బలు. మీరేం చేశారు?

సుధ_ఎడిసన్:
అందరికీ నమస్కారం. మా పాపకి పదేళ్లు, ఇక్కడ న్యూజెర్సీలో ఫిగర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. మొన్నటిదాకా మెత్తటి బూట్లే. ఇప్పుడు యాక్సెల్ జంప్ మొదలుపెట్టాలి, గట్టి బూట్లు కావాలని కోచ్ అంటే మార్చాం. అప్పటినుంచి కాళ్లు చూడలేకపోతున్నాను. మడమ వెనక బొబ్బలు వచ్చాయి. కొత్త చెప్పులైనా నాలుగు రోజులు కరుస్తాయి కదా అని సరిపెట్టుకున్నా. ఇప్పుడు కుడికాలికి చీలమండ లోపలివైపు ఎముక మీద ఉసిరికాయంత ఉబ్బు తేలింది. నొక్కితే లోపల నీరున్నట్టు కదులుతుంది. ఎరుపు లేదు, జ్వరం లేదు, బూటు వేసుకుంటేనే నొప్పి. మా అత్తగారు వీడియో కాల్‌లో చూసి సెగ్గడ్డ అన్నారు, పసుపూ సున్నం కలిపి పట్టు వెయ్యమంటున్నారు. మావారేమో సూదితో గుచ్చి నీరు తీసేద్దాం అంటున్నారు. ఇద్దరినీ ఆపి ఇక్కడికొచ్చా. ఎవరి పిల్లలకైనా ఇలా వచ్చిందా?

హాకీనాన్న_టొరంటో:
మావాడు హాకీ కాబట్టి బూటు వేరు, బాధ ఒకటే. ముందు మందపాటి మేజోళ్లు వేసి చూడండి. రెండు జతలు వేస్తే ఇంకా మంచిది, ఒరుపు తగ్గుతుంది. మా వాడికి లేసులు పాదం పైన కోసుకుపోయి ఎర్రగా కమిలేది, దానికి ఇంగ్లీషువాళ్లు లేస్ బైట్ అంటారు. బూటు నాలుక కింద జెల్ ముక్క పెట్టాం, తగ్గింది.

బెంచీమీద_అమ్మ (మిన్నెసోటా):
సుధా, నువ్వు చెప్పింది మా పెద్దదానికి అచ్చంగా అలాగే వచ్చింది. అదే వయసు, అదే యాక్సెల్, అదే కుడికాలు. సెగ్గడ్డ కాదు, బొబ్బ కూడా కాదు. గుచ్చనివ్వకు.

హాకీనాన్న గారూ, మందపాటి మేజోళ్ల మాట మాత్రం నేను ఒప్పుకోను. ఫిగర్ స్కేట్ బూటు కాలిని పట్టి ఉంచాలి. మధ్యలో ఊలు దట్టిస్తే కాలు లోపల ఆడుతుంది, ఆడినకొద్దీ ఒరుస్తుంది. పైగా చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది. నూలు మేజోళ్లు అసలే వద్దు. పల్చటి సింథటిక్ మేజోళ్లు గానీ స్కేటింగ్ టైట్స్ గానీ చాలు.

ఇక ఉబ్బు సంగతి. గట్టి బూటు లోపలి గోడ ఎముకని నొక్కుతోంది. ఇంట్లోనే కనిపెట్టే ఉపాయం ఒకటుంది. ఉబ్బు మీద లిప్‌స్టిక్ రాసి, మేజోడు లేకుండా కాలు బూటులో జాగ్రత్తగా పెట్టి తియ్యి. బూటు లోపల ఎక్కడ మరక పడిందో అక్కడే ఒత్తిడి. ఆ గుర్తుతో స్కేట్ల షాపుకి వెళ్తే బూటుని వేడిచేసి, ఆ చోట లోపలినుంచి బయటికి గుంటలా సాగదీస్తారు. పంచ్ చెయ్యడం అంటారు. మేం రెండోసారి కూడా చేయించాల్సి వచ్చింది, తోలు కాస్త వెనక్కి వస్తుంది కాబట్టి. ఈలోపు మెత్తటి ఫెల్ట్ ముక్కని మధ్యలో రంధ్రం ఉండేలా కత్తిరించి, ఉబ్బు ఆ రంధ్రంలో కూర్చునేలా పెట్టు. ఒత్తిడంతా చుట్టూ పడుతుంది, ఎముక మీద పడదు. చాలామంది చేసేది ఏమిటంటే ఉబ్బు మీదే ఇంకో మెత్త పెడతారు. దాంతో అక్కడే ఇంకా బిగుసుకుంటుంది.

చర్మం_వరంగల్:
నేను చర్మవ్యాధుల పీజీ చేస్తున్నాను. ఫోటో చూడకుండా, చెయ్యి పెట్టకుండా ఖాయంగా చెప్పను గానీ మీరు రాసిన వర్ణన బర్సైటిస్‌కి సరిపోతుంది. ఎముకకీ చర్మానికీ మధ్య రాపిడి తగ్గించడానికి పల్చటి సంచి లాంటిది ఏర్పడుతుంది. అదేపనిగా నొక్కుడు పడితే అందులో నీరు ఊరుతుంది. ఫిగర్ స్కేటర్లలో చీలమండ లోపలి ఎముక దగ్గర ఇది బాగా తెలిసిన సమస్య.

గుచ్చితే రెండు నష్టాలు. ఒకటి, బూటు మారకపోతే నీరు మళ్లీ ఊరుతుంది. రెండు, సూది దారిన సూక్ష్మజీవులు ఆ సంచిలోకి చేరితే అది నిజంగానే చీముగడ్డ అవుతుంది. సున్నం చర్మాన్ని కాలుస్తుంది, పిల్లల చర్మాన్ని మరీనూ. దయచేసి వద్దు. పెద్దావిడకి సర్దిచెప్పడం కష్టమే, డాక్టర్ వద్దన్నారని నా మీద పెట్టెయ్యండి.

వెంటనే చూపించాల్సిన గుర్తులు: ఉబ్బు ఎర్రబడి వేడెక్కడం, జ్వరం, ఎర్ర చార కాలిమీదుగా పైకి పాకడం, బూటు విప్పాక కూడా నొప్పి తగ్గకపోవడం. ఎముక మీద ఒకే బిందువు దగ్గర వేలు పెడితే ఉలిక్కిపడేంత నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలి. ఎదిగే పిల్లల్లో ఎముక సంగతి వదిలెయ్యకూడదు.

సుధ_ఎడిసన్:
అమ్మయ్య. గుర్తులేవీ లేవు, అయినా పిల్లల డాక్టర్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్నా. బెంచీమీద_అమ్మ గారూ, ఒక అనుమానం. ఉబ్బు కుడికాలికే ఎందుకు? బూట్లు రెండూ ఒకటేగా?

బెంచీమీద_అమ్మ:
మంచి ప్రశ్న, మేమూ ఆలస్యంగా అడిగాం. మనకి రెండు పాదాలూ అచ్చుగుద్దినట్టు ఉండవు. పాదం లోపలికి వాలిపోయే పిల్లలకి చీలమండ లోపలి ఎముక బూటు గోడకి వెళ్లి ఆనుతుంది. దానికి తోడు బ్లేడు ఒక వెంట్రుక పక్కకి బిగించినా కాలు వాలుతుంది. పాపని మంచు మీద ఒంటికాలి మీద నేరుగా జారమని వెనకనుంచి వీడియో తియ్యి. చీలమండ లోపలికి కుంగుతుంటే షాపువాడికి చూపించు. మా దానికి బ్లేడు కొంచెం లోపలివైపుకి జరిపి, బూటులో పాదం వంపుకి ఆసరా పెట్టారు. పంచ్ చేయించినదానికంటే నాకు ఇదే ఎక్కువ పనిచేసింది అనిపిస్తుంది.

ఇంకోటి. పెరిగే పిల్ల కదా అని పెద్ద సైజు తీసుకున్నారా? తప్పు పట్టడం లేదు, ఆ బూట్ల ధర చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. లేసులు వదులుచేసి, వేళ్లు ముందుకి ఆనేలా కాలు పెట్టించి మడమ వెనక మీ వేలు దూర్చండి. ఒక వేలు పడితే పరవాలేదు. రెండు వేళ్లు పడితే మడమ బొబ్బలకి కారణం దొరికినట్టే. మడమ లేచి పడుతూ ఉంటే ఏ పట్టీ అంటించినా ఒక్క క్లాసులో ఊడొస్తుంది.

ఇందిరాపార్క్_ఇన్‌లైన్:
అన్నలు అక్కలు, నేను హైదరాబాద్ నుంచి. మా దగ్గర ఐస్ రింక్ యాడిది, మాది చక్రాల మీద బతుకు. ఐస్ ప్రాక్టీస్ కావాల్నంటే గురుగ్రామ్ మాల్‌ల ఉన్న రింక్‌కో, 2011 దక్షిణాసియా శీతాకాల ఆటలకు కట్టిన డెహ్రాడూన్ రింక్‌కో పోవాలె. ఇన్‌లైన్ నుంచి ఐస్ స్పీడ్ స్కేటింగ్‌కు పోయినోళ్లం మస్తుమందిమి ఉన్నం. మాకు ఆడ క్యాంప్‌ల కొత్త బాధ ఏందంటే తడి. ఎండల ఆరే బూట్లకు అలవాటు పడ్డోళ్లం, ఆడ బూటు లోపల తడి పోనే పోదు. పొద్దున సెషన్, సాయంత్రం సెషన్, నడుమ బ్యాగ్‌ల కుక్కి పెడ్తరు. వారం తిరిగేసరికి సగంమందికి వేళ్ల సందుల తోలు తెల్లగ నాని లేస్తది, దురద, కంపు. మెడికల్ షాప్‌కు పోతే ఒక ట్యూబ్ ఇస్తడు, రెండు రోజుల్ల దురద గాయబ్. మళ్ల వారానికి డబుల్ అయితది. మా అమ్మ మాత్రం గోరింటాకు నూరి పెట్టుమంటది. నాట్లేసేటప్పుడు కాళ్లు పాసిపోతే అందరు గదే పెడ్తుండెనంట.

చర్మం_వరంగల్:
తమ్మీ, ఆ ట్యూబ్ పేరు నాకు చెప్పనక్కర్లేదు, వెనక రాసి ఉన్న మందులు చదువు. క్లోబెటసాల్ అనో, బీటామెథసోన్ అనో ఉందా? అవి స్టెరాయిడ్లు. దురదని, ఎరుపుని అణిచేస్తాయి కాబట్టి రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది. కింద ఫంగస్ మాత్రం నిశ్చింతగా పాకుతూనే ఉంటుంది. మా ఓపీకి తొడలదాకా తామర పాకించుకుని వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ఇలాంటి ట్యూబులే ఉంటాయి. మన దేశంలో టెర్బినఫిన్ అనే ఫంగస్ మందుకి కూడా లొంగని తామర పెరగడంతో ఈ సొంతవైద్యం మరీ ప్రమాదం అయ్యింది.

వేళ్ల సందుల్లో మాత్రమే ఉంటే స్టెరాయిడ్ కలవని క్లోట్రిమజోల్ అనే ఫంగస్ పూత చాలాసార్లు సరిపోతుంది. దురద పోయిందని మధ్యలో ఆపకుండా నాలుగు వారాలు రాయాలి. తగ్గకపోతే డాక్టర్. అరికాలి మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు పడి, భరించలేని వాసన వస్తుంటే అది ఫంగస్ కాదు. తడిలో పెరిగే బ్యాక్టీరియా అరికాలి పైపొరని తినేయడం. దానికి యాంటీబయాటిక్ పూత ఇస్తాం. ఫంగస్ మందు రాస్తూ కూర్చుంటే రోజులు గడుస్తాయి.

గోరింటాకు గురించి అమ్మతో గొడవ పెట్టుకోకు. ఇంట్లో నూరిన ఆకు తడిని లాగేస్తుంది, కొంత మేలు చేస్తుంది. వైద్యానికి బదులుగా మాత్రం కాదు. బజార్లో నల్లటి మెహందీ కోన్‌లు వద్దే వద్దు, అందులో కలిపే రంగుకి చర్మం బొబ్బలెక్కుతుంది.

హాకీనాన్న_టొరంటో:
బూట్లు ఆరబెట్టడం గురించి మేం హాకీవాళ్లం చెప్పాలి, మా బ్యాగుల కంపు జగద్విఖ్యాతం. ఇంటికి రాగానే లేసులు పూర్తిగా వదులుచేసి, నాలుక ముందుకి లాగి, లోపలి అట్ట బయటకి తీసి విడిగా ఆరబెట్టండి. ఫ్యాన్ గాలి చాలు. హీటర్ మీద పెడితే తోలు బిరుసెక్కుతుంది, అతుకులు ఊడతాయి. బ్లేడుకి తొడిగే గట్టి ప్లాస్టిక్ తొడుగు నడవడానికే. ఇంటికొచ్చాక గుడ్డ తొడుగు వెయ్యండి, లేకపోతే తుప్పు. ఇది చర్మం సంగతి కాదనుకోండి. షవర్ల దగ్గర వట్టికాళ్లతో తిరిగితే పులిపిర్లు అంటుకుంటాయి, రబ్బరు చెప్పులు బ్యాగులోనే ఉండాలి.

మందపాటి మేజోళ్ల విషయంలో బెంచీమీద_అమ్మ గారి మాటే రైటేమో గానీ, ఆరుబయట స్కేటింగ్‌కి ఏం చేస్తారు? ఒటావాలో రిడో కాలువ గడ్డకట్టినప్పుడు 7.8 కిలోమీటర్ల దారి అది. అద్దె బూట్లతో పోయి వచ్చిన మా బావమరిదికి మర్నాడు కాలివేళ్లు ఎర్రగా ఊదారంగులోకి తిరిగి ఒకటే దురద, మంట.

చర్మం_వరంగల్:
అది చిల్‌బ్లెయిన్స్ అయ్యుండాలి. చలి, తడి, బిగుతు బూటు కలిస్తే వస్తుంది, సాధారణంగా రెండు మూడు వారాల్లో దానంతట అదే పోతుంది. చల్లబడ్డ కాళ్లని వేడినీళ్లలో ముంచడం, హీటర్‌కి ఆనించడం చెయ్యకూడదు, నెమ్మదిగా వెచ్చబడనివ్వాలి. వేళ్లు తెల్లగా పాలిపోయి, గట్టిపడి, స్పర్శ లేకుండా ఉంటే మాత్రం అది వేరు. అప్పుడు నేరుగా ఎమర్జెన్సీకే.

నలభైలో_స్కేటింగ్ (డాలస్):
ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్ని, ఈసారి రాస్తున్నా. పెద్దయ్యాక మొదలుపెట్టాను, అద్దె బూట్లే. చిటికెనవేలి పక్కన ఆనెకాయ లేచింది. ఊళ్లో మా నాన్న వాడే కార్న్ క్యాప్ తెచ్చుకున్నాను, నాకు షుగర్ ఉంది. వెయ్యచ్చా?

చర్మం_వరంగల్:
వెయ్యకండి. అందులో ఉండే సాలిసిలిక్ ఆమ్లం ఆనెకాయనీ పక్కనున్న మంచి చర్మాన్నీ కలిపే కరిగిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకి పాదంలో స్పర్శ తగ్గి ఉంటే పుండు పడింది కూడా తెలియదు. బ్లేడుతో కోసుకోవడం కూడా వద్దు. పాదాల డాక్టర్‌కి చూపించండి, ప్రతి స్కేటింగ్ తర్వాత అరికాలు అద్దంలో చూసుకోండి.

బెంచీమీద_అమ్మ:
స్కేటింగ్ మానెయ్యకండి మేడమ్, అద్దె బూట్లు మానెయ్యండి. ఎందరి కాళ్లకో సాగి, ఎవరి కాలికీ సరిపోకుండా ఉంటాయి అవి. సొంతానికి మామూలు రకం కొనుక్కున్నా వాటికంటే నయం, వెడల్పు కొలిపించుకుని మరీ తీసుకోండి.

సుధ_ఎడిసన్:
అప్‌డేట్ ఇస్తున్నా. డాక్టర్ కూడా బర్సైటిస్ అనే చెప్పారు, జంప్‌లు కొన్నాళ్లు ఆపమన్నారు. లిప్‌స్టిక్ పరీక్ష చేశాం, పాప పడీపడీ నవ్వింది. మరక సరిగ్గా లోపలి గోడ మీదే. షాపులో పంచ్ చేశారు. బ్లేడు కూడా చూసి కొద్దిగా జరిపారు. లేసులు కట్టే తీరు మార్చమన్నారు: వేళ్ల దగ్గర వదులుగా, పాదం మడతపడే చోట గట్టిగా, పైన కొక్కేల దగ్గర మళ్లీ మోకాలు వంగేంత వదులుగా. కట్టేముందు మడమని నేలకేసి వెనక్కి ఒకసారి తన్నాలట. మేం ఇన్నాళ్లూ కింది నుంచి పైదాకా ఒకే బిగుతు లాగేసేవాళ్లం.

ఉబ్బు మెత్తబడింది, పూర్తిగా పోలేదు. మడమ బొబ్బ ఒకటి పగిలింది. తోలు కత్తిరించెయ్యాలా?

చర్మం_వరంగల్:
కత్తిరించకండి. ఆ పైతోలే దానికి కట్టు. సబ్బునీళ్లతో కడిగి, తోలు తిరిగి పరిచి, హైడ్రోకొల్లాయిడ్ అనే జెల్ పట్టీ వేసి దానంతట అది ఊడేదాకా వదిలెయ్యండి. రోజూ పీకి చూడకూడదు. చీము, ఎరుపు కనిపిస్తే మాత్రం తీసి చూపించండి.

ఇందిరాపార్క్_ఇన్‌లైన్:
అక్కా, లేసులు కొత్తయి ఒక జత బ్యాగ్‌ల పెట్టుకోండ్రి. గంత గట్టిగ గుంజితే తెగుతయి. 1994 ఒలింపిక్స్‌ల అమెరికా స్కేటర్ టోన్యా హార్డింగ్ లేసు తెగి ఏడ్చుకుంట జడ్జీల బల్ల మీద కాలు పెట్టి చూపెట్టింది, యూట్యూబ్‌ల ఉంటది. ట్యూబ్ వెనక చదివిన, క్లోబెటసాలే. పడేసిన. రేపు గాంధీ దవాఖానల చూపించుకుంట.

సుధ_ఎడిసన్:
లేసులు కొన్నాం తమ్ముడూ. ఒక్కటే మిగిలింది. చీలమండకి తొడిగే జెల్ స్లీవ్ తీసుకున్నాం, రెండు క్లాసులకే జిగురుగా అయ్యింది. వాషింగ్ మెషీన్‌లో వెయ్యచ్చా?

బెంచీమీద_అమ్మ:
వద్దు, జెల్ పగుళ్లిస్తుంది. చేత్తో గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగి, తువాలుతో అద్ది నీడన ఆరెయ్యి. ఆరాక కొద్దిగా మొక్కజొన్న పిండి చల్లితే జిగురు పోతుంది. రెండు ఉంచుకుని మార్చి మార్చి వాడు, తడిది ఎప్పుడూ తొడగకు.